నెమ్మదిగా పరిగెత్తించే ఉద్యోగం

భిలాయ్ పిల్లల్ని మే నెలలో తీసుకెళ్ళి ఊటీలో దింపి చూడండి. బస్సు దిగీ దిగగానే పూనకం వచ్చేస్తుంది వాళ్ళకి. ఇక్కడ తారు కరిగి చెప్పులకి అంటుకునే ఎండలోంచి వెళ్తారు కదా, అక్కడ చల్లగాలి మొహానికి తగలగానే "సార్, మస్త్ హై! ఇప్పుడే ఓ పది కిలోమీటర్లు కొట్టేసి వస్తాం" అంటారు. నా ఉద్యోగం సరిగ్గా అక్కడ మొదలయ్యేది. వద్దర్రా, కూర్చోండి, బూట్లు విప్పండి, నీళ్ళు తాగండి అని బతిమాలడం, వినకపోతే తిట్టడం.

భిలాయ్ ఉక్కు ప్లాంటు క్రీడా విభాగంలో దూరపు పరుగులకి కోచ్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు కోచింగ్‌లోకి కొత్తగా దిగుతున్న కుర్రాళ్ళు టౌన్‌షిప్ సెక్టారులో మా ఇంటికొచ్చి కూర్చుంటారు. "సార్, హై ఆల్టిట్యూడ్ ట్రైనింగ్‌కి సీక్రెట్ ఏటి?" అని అడుగుతారు. సీక్రెట్టూ లేదు, సింగినాదమూ లేదు. ఎత్తు మీద గాలి పలచగా ఉంటుంది. ఎంత పీల్చినా ఒంటికి కావలసినంత ప్రాణవాయువు అందదు. ఆ కరువుకి తట్టుకోవడానికి ఒళ్ళు మూడు నాలుగు వారాలు తీసుకుని రక్తంలో ఎర్రకణాల్ని పెంచుకుంటుంది. తర్వాత కిందకి దిగి పరిగెడితే ఆ పెరిగిన రక్తం అక్కరకొస్తుంది. అంతే సంగతి. పుస్తకంలో అయితే ఒక్క పేజీ. మిగిలిందంతా మనుషుల్ని ఆపడమే. ఆ ఆపడం ఎంత కష్టమో పుస్తకంలో ఉండదు కాబట్టి, నా చేతి కింద తయారైన ఒక పిల్ల సంగతి చెబుతాను.

మిశ్రా సాబ్

ముందు నా పై అధికారి గురించి చెప్పాలి. చాలామంది అధికారుల కింద పనిచేశాను, సగం మంది మొహాలు కూడా గుర్తులేవు. మిశ్రా సాబ్‌ని మాత్రం మర్చిపోలేను. ఆయన జీవితమంతా కోక్ ఓవెన్లలో గడిపినవాడు. బొగ్గుని కోకుగా కాల్చే పెద్ద పెద్ద కొలుముల వరస అది. ఆ వరసని బ్యాటరీ అంటారు. ఒకసారి వెలిగించారంటే దాని ఆయుష్షు తీరేదాకా చల్లారనివ్వరు. చల్లారితే లోపల ఇటుకలు పగులుతాయి. పండగా లేదు, పెళ్ళీ లేదు, మూడు షిఫ్టులూ మంట ఉండాల్సిందే.

అలాంటి మనిషిని చివరి కొన్నేళ్ళకి క్రీడా విభాగం మీద వేశారు. ఆయన ఆ కొలుముల్నే పిల్లల్లో చూశాడు. "ఠండా మత్ హోనే దో" అనేది ఆయన మంత్రం. పిల్లల్ని చల్లారనివ్వకూడదట.

మొదటిసారి ఊటీ క్యాంపుకి ఆయన కూడా మాతోనే వచ్చాడు. రెండో రోజు పొద్దున్నే, భిలాయ్‌లో ఎంత చేస్తారో అంతా ఇక్కడా చెయ్యాలి, ఇంకా కాస్త ఎక్కువే చెయ్యాలి అని ఆర్డర్ వేశాడు. "సాబ్, మొదటి వారం నడకా, తేలిక పరుగూ చాలు. ఒంటికి టైమివ్వాలి" అన్నాను. "వారం రోజులు కూచోబెట్టి ఇడ్లీలు తినిపించడానికా ఇంత దూరం తెచ్చాం?" అన్నాడు. వాదించాను. గొంతు కూడా పెంచాను. ఆయన పెద్ద కుర్చీలో ఉన్నాడు, నేను లేను. అక్కడితో అయిపోయింది.

పది రోజులు తిరిగేసరికి ఒకడికి జలుబు దిగి ఛాతీ పట్టేసింది, ఇంకొకడికి నిద్ర లేదు, అన్నం సయించదు. అందరిలోకీ గట్టి పిల్ల నీలవేణి, ఆమె అయితే మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోయింది. అలాగే లాక్కొచ్చి జాతీయ జట్టు ఎంపిక పరుగులో నిలబెట్టాం. పదివేల మీటర్లు. సగం దాకా ముందున్న గుంపులో ఉంది. తర్వాత ఒక్కొక్కళ్ళూ దాటుకుంటూ పోతుంటే కళ్ళప్పగించి చూసింది.

మిశ్రా సాబ్ చెడ్డవాడు కాదు, ఆ మాట కూడా రాయాలి. క్యాంపులో దుప్పట్లు చాలకపోతే తన దుప్పటి ఇచ్చి కోటేసుకుని పడుకున్న మనిషి. ఎంపిక పరుగు అయిన మర్నాడు ఆఫీసులో నన్ను కూర్చోబెట్టాడు. పేపర్‌వెయిట్ తిప్పుతూ హిందీలో ఒక మాట చెప్పాడు. కొత్త బ్యాటరీని తొలిసారి వెలిగించేటప్పుడు రోజుకి కొంచెం కొంచెంగా వేడి పెంచుతారట. నెలలు పడుతుందట. తొందరపడితే అప్పుడూ ఇటుకలు పగులుతాయట. "చల్లారనివ్వకూడదన్నది గుర్తుంచుకున్నాను. మెల్లగా వేడెక్కించాలన్నది మర్చిపోయాను. వచ్చే ఏడు నువ్వే తీసుకెళ్ళు. నేను రాను, ఫోను కూడా చెయ్యను" అన్నాడు.

రాలేదు కానీ ఫోను మాత్రం రోజూ చేశాడు, మహానుభావుడు.

సైకిలు పక్కన

నీలవేణి తండ్రి సింహాచలంగారు. శ్రీకాకుళం జిల్లాలో నరసన్నపేట పక్క పల్లెటూరు. మీసాలు రాని వయసులో భిలాయ్ వచ్చి, కోక్ ఓవెన్లలోనే కుదిరి, అక్కడే తల నెరిసిపోయాడు. భిలాయ్‌లోనే రిసాలీలో క్వార్టరు. ఈ పిల్ల చిన్నప్పుడు, తండ్రి ఫస్టు షిఫ్టుకి సైకిలెక్కితే ఆ సైకిలు పక్కనే మలుపుదాకా పరిగెత్తుకుంటూ వెళ్ళేదట. "నెమ్మది పాపా, పడిపోతావు" అంటూ ఆయన తొక్కేవాడు. ఈవిడగారు సైకిల్ని దాటి మలుపు దగ్గర నడుం మీద చేతులేసుకుని నిలబడేది. అలా పడింది ఆ పిల్లకి పరుగు. ఎవరో నేర్పితే వచ్చింది కాదు.

దాంతో లాభమెంతో చిక్కూ అంతే. ముందర ఎవరైనా కనిపిస్తే దాటాల్సిందే. పాలవాడి స్కూటరైనా సరే. నెమ్మదిగా పరిగెట్టమంటే ఆ పిల్లకి అదొక శిక్ష. "సార్, ఇత్‌నా ధీరే? ముఝ్‌సే నహీఁ హోగా" అనేది. ఇంత నెమ్మదా, నా వల్ల కాదు అని. ఇక్కడ పుట్టిన పిల్లలకి హిందీయే నోటికొస్తుంది. ఇంట్లో తండ్రితో మాత్రమే తెలుగు.

కొండ మీద నెమ్మది ఎందుకంటే, అక్కడ మామూలు పరుగే గుండెకి బరువు పనైపోతుంది. తేలిక రోజు నిజంగా తేలిగ్గా గడవకపోతే కష్టం రోజున ఒంట్లో ఏమీ మిగలదు. నేను పెట్టుకున్న నియమం ఒకటే. తేలిక రోజున పరిగెడుతూ కబుర్లు చెప్పగలగాలి. ఆయాసం లేకుండా వంకాయ కూర ఎలా వండుతారో మొత్తం చెప్పగలిగితే సరైన వేగంలో ఉన్నట్టు. నీలవేణి వంకాయలు కోసేదాకా చెప్పి, తిరగమోత దగ్గరికొచ్చేసరికి అందరికన్నా ముందుండేది.

ఇంకొక గోల. కొండెక్కడానికి ముందు రక్తంలో ఇనుము సరిపడా ఉండాలి. లేకపోతే ఒళ్ళు ఎర్రకణాలు దేంతో చేసుకుంటుంది? పరీక్ష చేయిస్తే ఈ పిల్లకి తక్కువ. చుట్టూ ఇనుమే ఉన్న ఊరు, పిల్ల ఒంట్లో మాత్రం లేదు. మాత్రలు రాయించాను. రెండు నెలలైనా అంగుళం కదల్లేదు. ఇంటికెళ్ళి చూద్దును కదా, వాళ్ళమ్మ మాత్ర చేతిలో పెట్టి, వెంటనే పెద్ద గ్లాసుడు టీ ఇస్తోంది. టీ ఒంటికి ఇనుము పట్టనివ్వదు. "మాత్ర చేదు కదా బాబూ, టీతో అయితే దిగుతాదని" అంది ఆవిడ. ఆవిడ్ని ఏమంటాం? నిమ్మరసంతో ఇమ్మన్నాను. కొత్త కోచ్‌లకి ఇదే చెబుతాను. పిల్లల ఇంటికెళ్ళండి, వంటింట్లో కూర్చోండి. సగం జవాబులు అక్కడే దొరుకుతాయి.

రెండో క్యాంపులో నేననుకున్నట్టే చేశాను. మొదటి వారం నడక. నీలవేణి నన్ను రోజూ తిట్టుకుంటూనే నడిచింది. రెండో వారం పరుగులోకి దింపాను. లేచీ లేవగానే నాడి చూస్తే బాగా నెమ్మదించింది. మొహంలో కళ వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడొచ్చింది ఇంటి నుంచి ఫోను.

దండల రోజు

మా ఊళ్ళో రిటైర్మెంటు అంటే ఏమిటో బయటవాళ్ళకి తెలీదు. నెలాఖరు రోజున ప్లాంటు గేట్ల దగ్గర చూడాలి. షిఫ్టువాళ్ళందరూ కలిసి రిటైరైన మనిషి మెడ నిండా దండలేసి, జీపెక్కించి, ముందు డప్పులు కొట్టిస్తూ, గులాల్ రంగు చల్లుతూ ఇంటిదాకా దింపుతారు. వీధిలో ఆడవాళ్ళు హారతిస్తారు. తర్వాత భోజనాలు. పెళ్ళికొడుకుని చేసినంత చేస్తారు. పెళ్ళినాడు లేని బంధువులు కూడా ఆ రోజుకి వస్తారు.

సింహాచలంగారి దండల రోజు సరిగ్గా మా క్యాంపు మధ్యలో పడింది.

నీలవేణి వచ్చి నా ఎదురుగా నిలబడింది. "సార్, నాలుగు రోజులు సెలవు కావాలి" అంది, ఎప్పట్లాగే హిందీలో.

నాకు తెలుసు. అయినా అడిగాను, "ఎందుకు?" అని.

"నాన్న రిటైరవుతున్నారు. వాళ్ళకి నేనొక్కదాన్నే కదా. జీపు మీంచి దిగేసరికి నేను ఉండాలి."

పోనూ రానూ ప్రయాణమే ఒళ్ళు హూనం చేస్తుంది. కింద మంటలాంటి ఎండ. ఇంటి నిండా చుట్టాలు, ఒకళ్ళకి జలుబున్నా చాలు. ఒంట్లో రక్తం పెరగడానికి సరిగ్గా పట్టాలెక్కిన వారం అది. దిగితే ఈ ఏడూ పోయినట్టే. కిందటేడు పోయింది. వయసులో కింద నుంచి పిల్లలు తోసుకొస్తున్నారు. జాతీయ జట్టులో పడడానికి ఇంకొక అవకాశం వస్తుందని నేను మాటివ్వలేను.

ఇక్కడ చాలామంది కోచ్‌లు "నీ ఇష్టం అమ్మా, నువ్వే తేల్చుకో" అంటారు. వినడానికి గౌరవంగా ఉంటుంది. నా లెక్కలో అది పిరికితనం. తండ్రి దగ్గరకి వెళ్ళకపోవడమనే బరువుని ఆ పిల్ల నెత్తినే పెట్టడం. కాదనే మాట మనం అనాలి, తిట్లు మనం తినాలి. అందుకే జీతమిస్తారు.

"వెళ్ళొద్దు" అన్నాను.

నా మొహంలోకి అలా చూసింది. "మీకు కూతురుంటే తెలిసేది సార్" అని తెలుగులో అంది. నాతో తెలుగు మాట్లాడడం అదే మొదలు. ఆ మాట నాకు గుచ్చుకుంది. నాకు పిల్లలు లేరు.

ఆ తర్వాత వారం నాకు నరకం చూపించింది. మాట లేదు. తేలిక రోజున పళ్ళు బిగించి పరిగెట్టేది. ఆగమంటే వినపడనట్టు పోయేది. వంకాయ కూర లేదు, కబుర్లు లేవు. పొద్దున్న నాడి పెరుగుతూ పోయింది. కంచంలో అన్నం అలాగే ఉండేది. కోపంతో పరిగెడితే గుండెకి అది కోపమని తెలీదు, పనే అనుకుంటుంది. మిశ్రా సాబ్ ఫోనులో "పంపించెయ్యనా టికెట్టు?" అన్నాడు. ఇప్పుడు పంపినా దండల రోజు అయిపోయింది. ఆపి అటూ చెడగొట్టాను, ఇక్కడుంచి ఇటూ చెడగొడుతున్నానా అని భయమేసింది.

వాడిపోయిన దండ

ఓ రోజు మధ్యాహ్నం భోజనాల వేళకి మా బస దగ్గర ఆటో ఆగింది. అందులోంచి మంకీ క్యాపు, మఫ్లరు, పైన ప్లాంటువాళ్ళు సన్మానంలో కప్పిన శాలువా, ఇన్ని కప్పుకుని ఒక మనిషి దిగాడు. చేతిలో గుడ్డసంచీ.

"ఏటి బాబూ ఇంత సలి! మనుషులుంటారేటి ఇక్కడ?" అన్నాడు సింహాచలంగారు.

నేను నోరు తెరిచేలోపే లోపల్నుంచి కంచం పడిన చప్పుడు. నీలవేణి ఒక్క అంగలో వచ్చి తండ్రిని చుట్టేసుకుంది. ఏడుస్తూ తిట్టింది, తిడుతూ ఏడ్చింది. ఆయన వీపు నిమురుతూ, "ఊరుకో పాపా, అందరూ సూస్తన్నారు" అంటున్నాడు. ఆయన కళ్ళే నిండిపోయాయి.

తర్వాత నాతో చెప్పాడు. "జీపు దింపినారు బాబూ. అందరూ ఉన్నారు. ఒక దండ తీసి మా ఆవిడి మెడలో ఏసినాను. రెండోది పాపకని అట్టిపెట్టినాను. మరి వాడిపోతాది కదా, అందుకే తెల్లారగానే బండెక్కీసినాను."

సంచీ విప్పాడు. ఒక పొట్లంలో భోజనాలనాటి లడ్డూలు. ఇంకొక పొట్లంలో బంతిపూల దండ. నల్లబడి, ముద్దైపోయి ఉంది. నీలవేణి దాన్ని మెడలో వేసుకుని సాయంత్రందాకా తియ్యలేదు.

"మీరు తిట్టుకున్నారా నన్ను, రానివ్వలేదని?" అని అడిగాను.

"నానెందుకు తిడతాను బాబూ? బ్యాటరీ మండతన్నప్పుడు మద్దిలో ఎవుడైనా ఒగ్గీసి ఎల్తాడేటి? దానికీ డ్యూటీయే" అన్నాడు. ఎంత తేలికపడ్డానో చెప్పలేను. ఆ పూట రెండు లడ్డూలు తిన్నాను.

ఆయనకి ఆ ఎత్తు పడలేదు. వయసూ, బీడీలూ. బస నుంచి మార్కెట్టుకి చిన్న ఎగుడు దారి. పది అడుగులేసి ఆగేవాడు, మళ్ళీ పది అడుగులు. నీలవేణి పక్కనే ఆగేది. నాకు బుర్ర వెలిగింది. "రేపట్నుంచి తేలిక రోజుల్లో నువ్వు పరిగెట్టక్కర్లేదు. మీ నాన్నని మార్కెట్టుకి తీసుకెళ్ళి తీసుకురా. అదే నీ ట్రైనింగ్" అన్నాను. అనుమానంగా చూసింది కానీ ఎదురు చెప్పలేదు.

వారంపాటు తండ్రీ కూతుళ్ళు ఆ దారమ్మట నడిచారు. ఆయన ఆగితే ఆగడం, ఆయన కదిలితే కదలడం. ఆయన బేరాలాడుతుంటే పక్కన నిలబడి క్యారెట్లు కొరకడం. ఆ పిల్లని నెమ్మదిగా నడిపించడం నాకు ఏళ్ళ తరబడి చేతకాలేదు. నేను ఆర్డర్లు వేశాను, ఆయన ఆయాసపడ్డాడు, అంతే తేడా. పొద్దున్న నాడి దిగింది. అన్నం రెండోసారి అడిగి పెట్టించుకుంది. కష్టం రోజున పరుగు చూస్తే, కాళ్ళు నేలకి తగులుతున్నాయా అనిపించింది. ఫోనులో మిశ్రా సాబ్‌కి చెప్తే, "ఆ సింహాచలాన్ని క్యాంపు అయ్యేదాకా కదలనివ్వకు" అన్నాడు.

దిగాక

కొండ దిగడం ఎక్కడం కన్నా చిక్కు. దిగిన రెండు మూడు రోజులు గాల్లో తేలుతున్నట్టుంటుంది. తర్వాత కొన్నాళ్ళు కాళ్ళకి సీసం పోసినట్టుంటుంది. మళ్ళీ బాగుపడుతుంది. ఒక్కో మనిషికి ఒక్కో తీరు, ఎవరికెప్పుడో ముందే చెప్పేవాణ్ణి నేను నమ్మను. ఒకటి మాత్రం ఖాయం. పరుగు అయ్యేదాకా ఇంటికి తేకూడదు. మన భిలాయ్‌లో పిల్ల దిగిందని తెలిస్తే చాలు, తెలుగు సంఘంవాళ్ళు శాలువాతో, వీధివాళ్ళు పులిహోరతో వచ్చేస్తారు. ప్రేమే, కాదనను. పరుగయ్యాక చేసుకోండి ఆ ప్రేమ. ఎంపిక పరుగు జరిగే ఊరికి తిన్నగా తీసుకెళ్ళిపోయాను. సింహాచలంగారు కూడా వచ్చాడు. కూతురు పరుగు పందెం ఆయన ఎన్నడూ చూడలేదు. ఎప్పుడు పందెమున్నా ఆయనకి షిఫ్టే.

పరుగు మొదలైంది. నీలవేణి గుంపులో అందరికన్నా వెనక ఉంది. పక్కన ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏటి బాబూ, ఎనకుండిపోనాది? ఒంట్లో బాగులేదేటి?"

"బాగుంది. చూస్తూ ఉండండి."

నిజం చెప్పాలంటే నాకూ అదే భయం. కానీ ఆ పిల్ల భుజాలు చూశాను. వదులుగా ఉన్నాయి. క్యారెట్ల కొట్టు ముందు నిలబడినట్టే ఉంది. సగం అయ్యాక కదిలింది. ఒకర్ని దాటింది. కాసేపు ఆగి ఇంకొకర్ని. తొందర లేదు, కోపం లేదు. చివరి రెండు చుట్లకి ముందు ఒక్కర్తే మిగిలింది. ఆమెని మాత్రం అందుకోలేకపోయింది. రెండో స్థానం. మొదటి ఇద్దరికీ జట్టులో చోటు.

"అయిపోయిందా బాబూ?" అన్నాడాయన.

"అయిపోయింది సింహాచలంగారూ. మీ పాప దేశం జట్టులో పడింది."

ఆయన గంతులెయ్యలేదు, కేకెయ్యలేదు. మెట్టు మీద కూలబడి, మఫ్లరు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆ ఎండలో కూడా మఫ్లరు తియ్యలేదు ఆయన.

మేం భిలాయ్ తిరిగొచ్చేసరికి తొలకరి పడింది. మిశ్రా సాబ్ ఊరుకుంటాడా? దండల రోజున కూతురు లేదు కాబట్టి ఆ రోజు మళ్ళీ జరగాల్సిందే అన్నాడు. పాత షిఫ్టువాళ్ళని పోగేసి, డప్పులు మాట్లాడి, జీపుతో ప్లాంటు గేటు దగ్గర కాసుకుని కూర్చుని, మమ్మల్ని తిన్నగా అక్కడికే రమ్మన్నాడు. సింహాచలంగారు సిగ్గుతో చచ్చిపోయాడు. "ఒకపాలి దిగిపోయినోణ్ణి మళ్ళీ జీపెక్కమంతారేటి బాబూ?" అన్నాడు. నీలవేణి అడ్డొచ్చింది. "జీపు వద్దు. సైకిలేది నాన్నా?"

దండల రోజున జీపెక్కినప్పుడు వదిలేసిన సైకిలు ఇంకా గేటు గోడకి ఆనించే ఉంది. మెడ నిండా దండలతో ఆయన సైకిలెక్కాడు. పక్కన ఆ పిల్ల పరుగు. వెనక జీపులో డప్పులూ, మేమూ. ఇన్నాళ్ళ అలవాటు కదా, ఆ రోడ్డెక్కగానే ఆయన కాళ్ళు వాటంతటవే షిఫ్టు వేగం అందుకున్నాయి. రిసాలీ మలుపు వచ్చేసరికి ఆయాసంతో సైకిలు అటూ ఇటూ ఊగుతోంది.

నీలవేణి హ్యాండిల్ మీద చెయ్యి వేసింది. "నెమ్మది నాన్నా. తొందరేటి? ఈ రోజు డ్యూటీ లేదు కదా" అంది.

ఆయన దిగి సైకిలు తోసుకుంటూ నడిచాడు. పక్కన ఆ పిల్ల కూడా నడిచింది. ఆయన ఆగితే ఆగింది. మా జీపు డ్రైవరు విసుగొచ్చి హారన్ మీద చెయ్యి వేశాడు. మిశ్రా సాబ్ ముందుకి వంగి వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"ధీరే" అన్నాడు.